నిజాం అంచు తెరచాప

ఈ మధ్య బెజవాడ వెళ్ళినప్పుడు మా తమ్ముడి కూతురు నన్ను బోటు షికారుకి తీసుకెళ్ళింది. ముందు ఒక ఫారం నింపించుకున్నారు. తర్వాత నారింజరంగు లైఫ్ జాకెట్ ఒకటి తగిలించారు. నాకంటే ముందు దాన్ని తొడుక్కున్న నలభైమంది చెమటా, అందులో కనీసం ఇద్దరు తిన్న పునుగుల వాసనా దాంట్లో భద్రంగా ఉన్నాయి. ఆ పైన హంస ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ పడవలో కూర్చోబెట్టి, సైకిలు తొక్కినట్టు తొక్కమన్నారు. యాభై దాటిన మోకాళ్ళతో, కృష్ణానది నడుమ, హంస కడుపులో కూర్చుని, టిక్కెట్టు కొనుక్కుని మరీ తొక్కాను. కట్టిన తాడు పొడవు అయిపోగానే హంస ఆగిపోయింది. "అంతే అత్తా, ఇంకో రౌండు కావాలంటే ఇంకో టిక్కెట్టు," అంది పిల్ల ఫోను నా మొహం మీద పెట్టి. "నవ్వు, రీల్ తీస్తున్నా. నీళ్ళ మీదికి రావడం నీకు ఇదే ఫస్ట్ టైమా?" నేను నవ్వలేదు. ఆ రీల్‌ని పదకొండుమంది చూశారట, వాళ్ళలో ఇద్దరు నాకు ఆరోగ్యం బాగాలేదా అని అడిగారట.

ఫస్ట్ టైమా అంటే ఏం చెప్పను? ఈ కృష్ణ మీద, ఇంతకంటే పనికిమాలిన పడవలో, జరీ అంచు ఉన్న తెరచాప ఎత్తుకుని తిరిగిన చరిత్ర మా ఇంటిది. అలాంటి తెరచాప వాస్కోడగామాకి లేదు. ఉండి ఉంటే ఆయన ఇండియా చేరేవాడు కాదు, అది వేరే సంగతి.

మాది మంగళగిరిలో నేతపని ఇల్లు. ఇల్లంటే మనుషులుండే చోటని మీరనుకోవచ్చు. మా ఇంట్లో ముందు నాలుగు గుంట మగ్గాలు ఉండేవి, వాటి మధ్య మిగిలిన జాగాలో మేము ఉండేవాళ్ళం. తెల్లవారకముందే మా నాయనమ్మ నాగరత్నమ్మ బియ్యపు గంజి కాచేది. ఆ వాసనతో మేము నిద్రలేచి, ఆ వాసనతో బడికెళ్ళి, ఆ వాసనతోనే పెళ్ళిపీటల మీద కూర్చునేవాళ్ళం. వీధి పొడుగునా పడుగు దారాలు చాచి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతుంటే దారినపోయే సైకిళ్ళు దిగి నడవాల్సిందే. గంజి పెట్టని గుడ్డ గడప దాటితే నాయనమ్మ దృష్టిలో అది ఇంటి ఆడపిల్ల బొట్టు లేకుండా వీధిలోకి వెళ్ళినంత పని. ఇక మా పెదనాన్న కోటయ్యకి గుడ్డ కనిపిస్తే చాలు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూడనిదే ప్రాణం నిలిచేది కాదు. పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళ కొంగులు నలిపి రెండుసార్లు తన్నులు తప్పించుకున్నాడు. మా నాన్న బెజవాడలో బట్టలకొట్టు గుమాస్తా. పొద్దున రైలెక్కితే దీపాలు పెట్టాక దిగేవాడు, కాబట్టి ఈ కథలో ఆయనకి పనిలేదు.

పని ఉన్నవాడు మా బాబాయి సాంబశివరావు. పని ఉండి చేయనివాడు అనాలి. ఆయన చెయ్యి ఆ వీధిలోనే మంచి చెయ్యి అని అందరూ అనేవాళ్ళు. ఆ మాట వినపడకుండా ఉండటానికి బాబాయి చేయని ఉద్యోగం లేదు. ఫోటోలు తీశాడు, ఆయన ఫోటోల్లో పెళ్ళికొడుకు కంటే షామియానా బాగా పడేది. హోమియోపతి చదివి, మా ఇంట్లో జలుబు అన్నదాన్ని శాశ్వతం చేశాడు. మగ్గం ఎక్కమంటే మాత్రం ఒకటే మాట: "నడుం దాకా భూమిలో పాతిపెట్టి, బతకరా అంటే ఎట్టా బతికేది?" గుంట మగ్గం చూసినవాళ్ళకి ఆ మాటలో నిజం తెలుస్తుంది. కాళ్ళు గుంటలో, కళ్ళు దారంలో, పొద్దు ఎటు వాలిందో పక్కింటివాళ్ళు చెప్తే తెలియాలి.

బెజవాడలో ఒక కాలేజీవాళ్ళు పాత సామాను వేలం వేస్తున్నారంటే సీలింగ్ ఫ్యాను కొనుక్కొస్తానని బయల్దేరాడు బాబాయి. సాయంత్రానికి మూడు చక్రాల తొక్కుడు బండి మీద పడవ వేసుకుని బ్యారేజీ దాటి వచ్చాడు. ఇద్దరు మనుషులు కూర్చుంటే మూడోవాడు ఏడ్చే పడవ. ఒకప్పుడు కాలేజీ పిల్లలు తెరచాప కట్టుకుని ఆడుకునేవాళ్ళట. ఇప్పుడు తెరచాప లేదు, దాన్ని నిలబెట్టే గడ లేదు, తాడు లేదు. పడవ అడుగున జానెడు పగులు మాత్రం ఉంది. వీధిలోవాళ్ళు చూడటానికి వచ్చారు. స్నానాల తొట్టి అన్నారు కొందరు. గేదెల కుడితి తొట్టి అన్నారు మరికొందరు. ఆ రెండోవాళ్ళ నోట్లో ఏ దేవత కూర్చుందో కానీ, తర్వాత అంత పనీ అయింది.

పగులు అతికించడానికి పడవని మళ్ళీ బండెక్కించి బ్యారేజీ మీదుగా ఆటోనగర్ తీసుకెళ్ళారు. అక్కడ లారీ బాడీలు కట్టే మేస్త్రీ దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "బ్రేకు ఎక్కడ వస్తదండీ దీనికి?" అని అడిగాడు. నేను ఈ భూమ్మీద విన్న తెలివైన ప్రశ్నల్లో అది మొదటిది. పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, ఫైబరు గుడ్డ పరిచి, జిగురు పూయాలి. జిగురులో గట్టిపడే మందు నాలుగు చుక్కలు కలపమంటే, కూరలో ఉప్పు సరిచూసినట్టు బాబాయి ఇంకో గరిటెడు వేశాడు. డబ్బా పొగలు కక్కింది, బుసకొట్టింది, చివరికి డబ్బా ఆకారంలోనే రాయి అయింది. రెండో డబ్బాతో మేస్త్రీ తనే అతికించి, చేతులూరుకోక ముందు వైపు కోరలున్న రాక్షసుడి బొమ్మ కూడా వేసి పంపాడు. ఆ విధంగా మా పడవ కృష్ణానదిని మూడుసార్లు దాటింది, మూడుసార్లూ బ్యారేజీ మీద నుంచే.

సలహాలకి నేవీ నరసింహంగారు ఉండనే ఉన్నారు. విశాఖపట్నంలో నేవీలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరై మా వీధికొచ్చారు. ఏం చేశారంటే, స్టోర్సులో కూర్చుని యూనిఫారాలకి గుండీలు లెక్కపెట్టి ఇచ్చారు. సముద్రాన్ని కిటికీలోంచి చూశారు, అదీ ఎండ పడుతోందని తలుపు వేసెయ్యకముందు. అయినా కుర్చీలో కూర్చుని, ఎడమకీ కుడికీ నేవీ మాటల్లో "పోర్టు! స్టార్‌బోర్డు!" అని అరుస్తుంటే బాబాయి ఒళ్ళు పులకరించేది. ఆయన వీధి అరుగు మీద సుద్దతో తెరచాప బొమ్మ గీశారు. ఇడ్లీని మూలగా కోసినట్టు వచ్చింది. ఆ బొమ్మని బట్టి గుడ్డ కత్తిరించి కుట్టే బాధ్యత నాది. నాకప్పుడు పదిహేడేళ్ళు. కుట్టుమిషను నేర్చుకుని రెండు నెలలయింది. అంటే నాకు రానిది లేదని నాకు గట్టి నమ్మకం.

గుడ్డ అంటే మా ఇంట్లో ఏముంటుంది? నేతలో తేడా వచ్చి షావుకారు తిప్పి పంపిన చీరలు. వాటికి సన్నటి జరీతో మా ఊరి నిజాం అంచు. అంచు తీసేద్దామంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. పసుపుపచ్చ చీర, ఆకుపచ్చ చీర, మళ్ళీ పసుపుపచ్చ. కత్తెర పెట్టి ఐమూలగా మొదటి కోత కోశానో లేదో, మగ్గం మీద ఉన్న పెదనాన్న తనని కోసినట్టే అరిచాడు. "గుడ్డని ఐమూలగా కోస్తావుటే? ఆ చేతులు ఎట్టా వచ్చాయే నీకు?" మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన కోపానికి అసలు కారణం నాలుగో రోజున బయటపడింది.

"ఒరేయ్ సాంబా, నీ మగ్గానికి బట్ట చుట్టే కర్ర ఏదిరా?"

"పడవకి అడ్డకొయ్య కావాల్సొచ్చింది అన్నయ్యా. సరిగ్గా సరిపోయింది."

"రేపు పలక కావాలంటే వీధి తలుపు ఊడదీస్తావా?"

"అక్కర్లేదు. పలక కోసం దొడ్డి తలుపు నిన్ననే తీశాను."

నిజమే. పడవ నడుమ ఒక చీలిక ఉంటుంది. దాంట్లోంచి పలకని నీళ్ళలోకి దించకపోతే పడవ గాలికి పక్కకి కొట్టుకుపోతుంది. మా దొడ్డి తలుపు సగం దాంట్లో దిగింది, మిగతా సగం చుక్కాని అయింది. తెరచాప పైకి లాగడానికి నూతి గిలక ఎక్కించారు, ఆ వారమంతా నాయనమ్మ చేంతాడు చేత్తో లాగి నీళ్ళు తోడింది. కానీ పెదనాన్నకి తలుపులూ గిలకలూ లెక్క కాదు. తమ్ముడు మగ్గం విప్పాడు. విప్పిన మగ్గం మళ్ళీ బిగించడు. అది ఆయనకి తెలుసు.

"విను," అన్నాడు. గొంతు పెంచలేదు, అందుకే అందరం విన్నాం. "శ్రావణం వెళ్ళేలోపు సీతానగరం రేవులో బయల్దేరి, ఎదురుగా ఉన్న లంకకి గాలితో వెళ్ళు, గాలితోనే వెనక్కి రా. తెడ్డు ముట్టుకోకూడదు, ఎవడూ లాక్కురాకూడదు. వచ్చావా, ఈ జన్మలో నిన్ను మగ్గం ఎక్కమని అడగను. రాలేదా, పడవ పాతసామాన్లవాడికి, నువ్వు గుంటలోకి. మళ్ళీ నోరెత్తకూడదు."

"సరే," అన్నాడు బాబాయి. ఆయన జీవితంలో ఆలోచించకుండా చెప్పిన మాటల్లో అది వెయ్యో, రెండువేలో.

సీతానగరం రేవులో చేపలు పట్టే నాగులు గడకి వెదురుబొంగు మా ఇంటికే తెచ్చి ఇచ్చాడు, నవ్వు ఆపుకోకుండానే ఇచ్చాడు. "సాంబయ్యా, మూతి చూత్తే లారీ, గుడ్డ చూత్తే పెళ్ళికూతురు. ఇది ఏటిమీదికా, ఊరేగింపుకా?" అన్నాడు. కానీ బాబాయి గడకి మూడు వైపులా తాళ్ళు బిగించి, ఒక్కో తాడునీ గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఒకటి వదులు చేసి ఇంకోటి లాగుతుంటే నవ్వడం మానేశాడు. మగ్గం మీద పడుగు బిగువు అలాగే చూస్తారు. చూస్తున్నది తనేనన్న సంగతి బాబాయికి తెలియలేదు. నాగులు వెళ్ళేటప్పుడు ఒక మాట చెప్పాడు: "సాపని తుమ్మబెరడు కషాయంలో నానబెట్టండి. నీళ్ళకి ఆగుద్ది. ఊరికే కట్టమాకండి."

ఆ మాట నాయనమ్మ చెవిన పడింది. మా గుడ్డకి, మా నిజాం అంచుకి, బురదరంగు కషాయమా! మర్నాడు మేమంతా పడవ రేవుకి చేర్చడానికి వెళ్ళినప్పుడు ఆవిడ పెద్ద గంగాళం గంజి కాచి, తెరచాప మొత్తానికి మూడు దఫాలు పట్టించి, మిద్దె మీద ఎండేసింది. తిరిగొచ్చేసరికి తెరచాప లేదు. ఆ చోట ఒక తలుపు ఉంది. మడత పడదు, వంగదు, వేలితో కొడితే టంగుమంటుంది. "నలుగురి కళ్ళూ పడే గుడ్డ. గంజి లేకుండా పంపిస్తానా?" అంది. ఇంటిల్లిపాదిమీ నేతవాళ్ళం. గంజి పెట్టిన గుడ్డ తడిస్తే ఏమవుతుందో పుట్టినప్పట్నించీ చూస్తున్నవాళ్ళం. ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. "ఎంత బాగా నిలబడిందో!" అని అందరం మురిసిపోయాం.

శ్రావణంలో చివరి ఆదివారం, పెదనాన్న గొడుగుతో సహా రేవులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన నేవీ నరసింహంగారు తెల్లటోపీతో. వెనకాల మా వీధి వీధంతా, జాతరకొచ్చినట్టు. పడవ ఒరిగిపోకుండా బరువు పెట్టడానికి రెండో మనిషి కావాలి. కుట్టింది నేనే కాబట్టి చస్తే నేనే చావాలని వాదించి ఎక్కాను. పడమటి గాలి. ఏరు దాటడానికి పక్కగాలి మంచిదని, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ పనికొస్తుందని నాగులు ముందే చెప్పాడు. గిలక కీచుమంది, తెరచాప పైకి లేచింది, ఆ గంజి గుడ్డకి గాలి తగలగానే ఎవరో వెనకనుంచి ఒక తోపు తోసినట్టు పడవ కదిలింది. మాకే నమ్మకం కుదరలేదు. గుడ్డ ముడతపడదు, రెపరెపలాడదు, రేకులా నిలబడి గాలినంతా పట్టుకుంది. ఒడ్డున "పోర్టు!" అన్న కేక వినపడింది. తర్వాత అదీ వినపడలేదు. బాబాయి చుక్కాని పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ మొహం మీద అంత నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

లంక చేరాం. అప్పుడు చేసిన పని నేతవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. నీటి తుంపర్లకి తెరచాప కింది భాగం తడిసి, గంజి జిగట కట్టి, పుల్లటి వాసన మొదలైంది. తడిసిన గంజిగుడ్డని చూడగానే మా ఇద్దరి చేతులూ వాటంతటవే లేచాయి. గడ మీంచి విప్పి, ఇసుక మీద శుభ్రంగా పరిచి, ఎండేశాం. తర్వాత తుమ్మచెట్టు నీడలో అటు తిరిగి కూర్చుని పులిహోర పొట్లం విప్పాం. లంకలో మేతకి తోలిన గేదెలుంటాయని ఇద్దరికీ తెలుసు. గేదెకి కుడితి అంటే ప్రాణమనీ తెలుసు. ఆ రెండు తెలివితేటల్నీ కలిపి చూసుకునే ఓపిక మా వంశంలో లేదు. వెనక్కి తిరిగేసరికి ఒక నల్లటి గేదె నెమ్మదిగా, మర్యాదగా, పసుపుపచ్చ చీరని పూర్తి చేసి ఆకుపచ్చ చీర మొదలుపెడుతోంది. జరీ అంచు దాని మూతి పక్కనుంచి వేలాడుతోంది.

బాబాయి ఇసుకలో కూలబడ్డాడు. తెరచాపకి కింది వైపు రెండు మూరల మేర లేదు. ఎదుటి ఒడ్డున గొడుగు చిన్న నల్లచుక్కలా కనిపిస్తోంది. చెయ్యి ఊపితే నాగులు వచ్చి లాక్కెళ్తాడు. అంటే రేపట్నించి గుంట.

"ఊపనా బాబాయ్?" అన్నాను.

ఆయన లేచి, కట్టుకున్న పంచె విప్పి, చెడ్డీతో నిలబడి, పంచె కొస నాలుగు వేళ్ళ మేర అడ్డపోగులు లాగేసి కుచ్చులా చేశాడు. తెరచాప చిరుగు అంచునీ అలాగే చేశాడు. ఆ పోగునీ ఈ పోగునీ కలిపి, వేళ్ళకి బూడిద బదులు మెత్తటి ఇసుక అద్దుకుని, నలిపి మెలిపెట్టాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోతే కొత్త పడుగుని ఇలాగే అతుకుతారు. నాలుగేసి పోగులు ఒక్కసారి, చూడకుండా, లెక్కపెట్టకుండా. ఆ వేళ్ళు కదలడం నేను చూశాను. పదేళ్ళ పాటు ఆ మనిషి ఎందుకు మగ్గం నుంచి పారిపోయాడో, ఎవరినుంచి పారిపోయాడో అప్పుడు కొంచెం అర్థమైంది. వెనకాలే నేను సూదితో పైకుట్టు వేసుకుంటూ వచ్చాను. ఒక్కసారి మాత్రం నోరు తెరిచాడు: "ఆ గేదెని చూడు, ఇంకా అక్కడే నిలబడింది. మారు వడ్డిస్తామనుకుంటోంది."

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చాం. ఈలోగా ఒడ్డున నేవీ నరసింహంగారు "కాప్సైజు" అని ఇంగ్లీషులో ప్రకటించి, అంటే పడవ బోల్తా అని విడమరిచి, నాయనమ్మ చేత ఏడిపించారట. నాగులు పడవ తీయబోతే పెదనాన్న, "ఆగు. వాడు చెయ్యి ఊపలేదుగా," అన్నాడట. సగం చీర, సగం పంచె తెరచాపగా, చెడ్డీ వేసుకున్న సరంగుతో మేము రేవు చేరేసరికి ఊరు ఊరంతా ఈలలు వేసింది. పెదనాన్న ఈల వేయలేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చి, పడవ వంక చూడకుండా, తెరచాప అతుకుని వేళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"పైకుట్టు ఎవరిదే?"

"నాది పెదనాన్నా."

"తెలుస్తూనే ఉంది. అతుకెవరిది?"

ఆయన కళ్ళు తెరిచి తమ్ముణ్ణి చూశాడు. "గెలిచావురా," అన్నాడు. "ఇక నిన్ను మగ్గం ఎక్కమని అడిగేవాడు లేడు."

అడగలేదు. పెదనాన్న మాట అంటే అంతే. అడ్డకొయ్య తిరిగొచ్చి మగ్గానికి బిగిసినా, ఆ మగ్గం మీద గోనె కప్పేశాడు. ఎవరైనా "సాంబడు నేస్తాడా?" అని అడిగితే, "వాడు గెలిచాడు," అని కసిరేవాడు. బాబాయి వారం రోజులు ఊరంతా తిరిగి గెలుపు కథ చెప్పాడు. రెండో వారం చెప్పించుకునేవాళ్ళు దొరకలేదు. మూడో వారం మగ్గాలున్న గదిలోనే ఏదో వెతుకుతూ ఉండేవాడు. పెదనాన్న నేస్తుంటే వెనకాల నిలబడి, "ఆ పోగు తెగింది," అనేవాడు. "నీకెందుకు? నువ్వు గెలిచావుగా," అనేవాడు పెదనాన్న. నెల తిరిగేసరికి మనిషి చిక్కిపోయాడు. చివరికి ఒక పొద్దున, గోడ వంక చూస్తూ, "అన్నయ్యా, తెరచాప పాడైపోయింది కదా. కొత్తదానికి గుడ్డ కావాలి. నేనే నేసుకుంటా," అన్నాడు.

పెదనాన్న పడుగులో అడ్డపోగు వేసే నాడెని ఇంకోసారి విసిరాడు. "తెరచాప కోసమైతే కూర్చో," అన్నాడు.

అంతే. ఆ రోజునుంచి మా బాబాయి తెరచాపలు నేస్తూనే ఉన్నాడు. నిజాం అంచుతో, కొంగుతో, ఆరు గజాల తెరచాపలు. షావుకారు వాటిని చీరలని కొనుక్కున్నాడు, అది అతని ఖర్మ. మా ఇంట్లో అన్నదమ్ములిద్దరూ చీర అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు. "ఈ వారం ఎన్ని తెరచాపలు దిగాయిరా?" "రెండు అన్నయ్యా, మూడోది సగం." నా పెళ్ళికి కట్టుకున్నదీ తెరచాపే. పడవ మాత్రం రెండు వేసవులు ఎండి, అతుకు విచ్చి, దొడ్లో గోంగూర మడి అయింది. రాక్షసుడి కోరల మధ్య పెరిగిన గోంగూర ఇంకా పుల్లగా ఉండేది.

ఇప్పుడు బెజవాడలో ఏసీ కొట్లు వెలిశాయి. అద్దాల వెనక మైనపుబొమ్మకి చీర చుట్టి, పక్కన చిన్న ఉత్తుత్తి మగ్గం పెట్టి, "సంప్రదాయం" అని బోర్డు రాస్తారు. కొంగు వేళ్ళ మధ్య పెడితే మరమగ్గం అని తెలిసిపోతుంది. నలపొద్దు మేడమ్ అని సేల్స్ అమ్మాయి అంటుంది. నీళ్ళ మీద తాడు కట్టిన హంసలు, అద్దాల వెనక దారం కట్టని మగ్గాలు. దేనికీ గాలి తగలకుండా చూసుకోవడంలో మనవాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారు.

హంస దిగాక నేరుగా మంగళగిరి వెళ్ళాను. పెదనాన్న పోయి చాలాకాలమైంది. బాబాయి గుంటలో కూర్చుని ఉన్నాడు. పక్కనున్న ఖాళీ మగ్గం మీద దుమ్ము పడకుండా ఒక పాత గుడ్డ కప్పి ఉంది: సగం చీర, సగం పంచె. అతుకు వేళ్ళతో వెతికితే గానీ దొరకలేదు. నా పైకుట్టు మాత్రం వీధి చివరినుంచే కనిపిస్తోంది.

"ఏం నేస్తున్నావు బాబాయ్?"

"తెరచాప."

"పెదనాన్న లేడు, పడవా లేదు. ఇంకా ఎవరికోసం ఆ మాట? చీర అనరాదూ?"

నాడె ఆపి నా వంక చూశాడు, పదిహేడేళ్ళ పిల్ల ఐమూలగా కత్తెర పెట్టినప్పుడు పెదనాన్న చూసినట్టు. "ఇప్పుడు చీర అంటే, ఆయన ఇన్నేళ్ళూ నన్ను మగ్గం ఎక్కించినట్టు కాదుటే? మాట తప్పినవాడవుతాడు," అన్నాడు. గోటితో పడుగుని ఒకసారి మీటి, చెవొగ్గి విని, మళ్ళీ నేతలో పడ్డాడు.